ఏమీ లేనివాళ్ళ పరీక్ష

నాంచారమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆమె కళ్ళ సంగతి చెప్పాలి. చింతగుంటపాలెంలో పద్దెనిమిది ఇళ్ళ బట్టలు ఆమె చేతిమీదుగా వాగుకి వెళ్ళి తిరిగొచ్చేవి. నల్లజీడితో పెట్టిన గుర్తు చూడకుండానే ఏ పంచె ఎవరిదో, ఏ రవిక ఏ ఇంటి కోడలిదో చెప్పేది. పొగాకు జిగురు, మిరపకాయ రంగు, బాలింత పాలు, చెమట, దేని మరకకి ఏం చెయ్యాలో ఆమెకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. పర్చూరుకి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరిది నల్లరేగడి నేల. వానాకాలంలో పంచెల అంచులకి పట్టిన ఆ మట్టి వదిలించడంలోనే ఆమె సగం జీవితం గడిచింది.

పద్నాలుగో ఏట కాపురానికి వచ్చింది. ఆరుగురిని కని నలుగురిని దక్కించుకుంది. భర్త చలమయ్య గాడిదని తోలేవాడు, బాన కింద మంట పెట్టేవాడు, పెద్ద దుప్పట్లు పిండేవాడు. లెక్కా జమా, మాటా మంతీ అంతా ఆమెదే. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అత్త ఆమెకి ఒక్కటే కట్టడి పెట్టింది: ఒక ఇంటి బట్టల్లో ఏం కనబడినా ఇంకో ఇంట్లో అనకూడదు, ఆ ఇంట్లో కూడా అనకూడదు. ముప్పయ్యేళ్ళపాటు నాంచారమ్మ ఆ మాట జవదాటలేదు.

దాటనందుకు ఒకసారి ఏడ్చింది కూడా. సామ్రాజ్యం అని పొగాకు రైతు భార్య ఒకావిడ ఉండేది, నాంచారమ్మ కంటే నాలుగైదేళ్ళు పెద్ద. నెలకోసారి దొడ్డిగోడ మీద కనబడాల్సిన మైలమూట పదిరోజులకోసారి, తర్వాత వారానికి రెండుసార్లు కనబడసాగింది. నాంచారమ్మ చూసింది, ఉతికింది, ఆరేసింది, మడిచి ఇచ్చింది. ఆవిడ మొహం సున్నంలా పాలిపోయి, “వేడి చేసిందే నాంచారీ” అంటే, “అంతే అయ్యుంటదమ్మా” అని తలాడించింది. గుంటూరు తీసుకెళ్ళేసరికి రాచపుండు లోపలంతా పాకిపోయిందన్నారు. సామ్రాజ్యం ఆ ఉగాది చూడలేదు. ఆవిడ చివరి చీరలు వాగులో జాడిస్తూ నాంచారమ్మ, ‘నాకు ఎనిమిది నెలల ముందే తెలుసు’ అనుకుంది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పుకోలేకపోయింది.

ఇది జరిగిన ఆరేళ్ళకి, అరవై ఒకటో సంవత్సరం మిరప కోతల రోజుల్లో, చెంచురామయ్యగారి ఇంటి మూట విప్పుతూ నాంచారమ్మ ఒక పావడా దగ్గర ఆగిపోయింది.

అది చెంచురామయ్యగారి భార్య వెంకటేశ్వరమ్మది. అప్పటికే ఎవరో ఉతికి ఉన్నారు. ఉతకడం చేతకాని చేతులు ఉతికిన ఉతుకు అది. వేడినీళ్ళు పోసి సబ్బు రుద్దడంతో మరక పోకపోగా గోధుమరంగుకి తిరిగి నూలులోకి దిగిపోయింది. ఎనభై ఎకరాల ఇంటి ఇల్లాలు వెంకటేశ్వరమ్మ. కాపురానికి వచ్చాక తన చేత్తో రుమాలు కూడా పిండి ఎరగదు. పైగా ఆవిడకి నెలసరి ఆగిపోయి నాలుగేళ్ళు దాటింది. ఆ ఇంటి మైలమూట ఆగిపోయిన నెల నాంచారమ్మకి బాగా గుర్తు.

రెండో వారం ఇంకో పావడా అలాగే వచ్చింది. మూడో వారం అసలు పావడాయే రాలేదు. ‘పారేసి ఉంటుంది’ అనుకుంది నాంచారమ్మ. ఆ పూట రేవుబండ మీద ఆమెకి చేతులు ఆడలేదు.

మర్నాడు ఉతికిన బట్టలు నెత్తిన పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. దొడ్లో కళ్ళం నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతూ తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి ఒకరు తుమ్మితే ఇంకొకరు అందుకుంటున్నారు. వెంకటేశ్వరమ్మ వసారాలో నిలబడి వాళ్ళని అదిలిస్తోంది.

“అమ్మా, ఒక్క మాట. లోపలికి రండి” అంది నాంచారమ్మ.

“ఏం, ఇక్కడ చెబితే అరిగిపోతావా?”

“ఇక్కడ చెప్పే మాట కాదమ్మా.”

ధాన్యం గదిలోకి వెళ్ళాక నాంచారమ్మ గొంతు తగ్గించి అడిగింది. “అమ్మా, మీకు మళ్ళీ కనబడుతోంది కదూ?”

వెంకటేశ్వరమ్మ మొహం జేవురించింది. “ఏమిటే కనబడేది?”

“మీరు ఉతికిన పావడాలు రెండు నా దగ్గరకొచ్చినయ్యి. మూడోది రాలా.”

“నిన్ను బట్టలు ఉతకమన్నానా, చదవమన్నానా? మూట అక్కడ పెట్టి పో. ఇంకోసారి ఇలాంటి కూత కూశావంటే గుమ్మం తొక్కనివ్వను!”

నాంచారమ్మ కదల్లేదు. “సామ్రాజ్యమ్మగారివి ఎనిమిది నెలలు ఉతికానమ్మా. నోరు మూసుకునే ఉతికాను. మీవి అట్టా ఉతకలేను” అని చెప్పి, మూట దింపి, వెళ్ళిపోయింది.

ఆ వారం ఆ ఇంటి నుంచి మూట రాలేదు. “పెద్దింటి బట్టలు పోగొట్టావేమే? ఏం చేశావు?” అని చలమయ్య అడిగితే, “ఏం చెయ్యలా” అని ఊరుకుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాంచారమ్మ ఆ పెద్దింటి దొడ్డిదారిన పోతుంటే గోడ అవతల నుంచి పిలుపు వినబడింది. వెంకటేశ్వరమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

“ఎవరికన్నా చెప్పావా?”

“చెప్పి ఈ ఊళ్ళో ఎట్టా బతుకుతానమ్మా?”

వెంకటేశ్వరమ్మ గోడ మీది ఎండిన నాచుని గోరుతో గీకింది. తర్వాత అంది: “నాకు భయంగా ఉందే నాంచారీ. ఇద్దరు కోడళ్ళున్న ఇల్లు. ఈ వయసులో ఇదేమిటని ఎవరితో చెప్పుకోను? నేనూ సామ్రాజ్యంలాగే పోతానంటావా?”

అంత పెద్ద మనిషి అలా అడిగేసరికి నాంచారమ్మ గోడ దగ్గరికి జరిగింది. “పోయేదీ ఉండేదీ నాకెట్టా తెలుసమ్మా? తెలిసినవాళ్ళ దగ్గరికి పోదాం. గుంటూరులో ఆడవాళ్ళ ఆస్పత్రి ఉందంట, చూసేది కూడా ఆడడాక్టరమ్మేనంట. మీతో నేనొస్తా.”

చెంచురామయ్యగారితో కడుపులో బరువుగా ఉంటోందని మాత్రం చెప్పింది వెంకటేశ్వరమ్మ. పెద్దకొడుకుని తోడు తీసుకెళ్ళమని ఆయన అంటే, “మగవాళ్ళెందుకండీ, నాంచారి వస్తుంది” అంది. ఆయన ఒకసారి భార్య మొహంలోకి చూసి, “సరే, జాగ్రత్త” అన్నాడు. అడక్కూడనిది అడగని మనిషి ఆయన.

పర్చూరులో బస్సెక్కారు. అలవాటు కొద్దీ నాంచారమ్మ సీటు పక్కన కింద కూర్చోబోయింది. వెంకటేశ్వరమ్మ ఆమె రెక్క పట్టుకుని పైకి లాగింది. “ఇక్కడ కూర్చో. నువ్వు కిందుంటే నా చెయ్యెవరు పట్టుకుంటారు?” చిలకలూరిపేటలో బస్సు మారి గుంటూరులో దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రిలో వాళ్ళని చూసిన డాక్టరు పేరు సంతోషకుమారి. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, చేతులకి ఒక్క గాజు కూడా లేకుండా ఉంది. మద్రాసులో చదువుకుని వచ్చిందట. ఆకుపచ్చ తెర వెనక వెంకటేశ్వరమ్మని పడుకోబెట్టి, కబుర్లు చెబుతూనే చూసింది.

“ఇదిగోనండీ మీ భయం” అంటూ చిన్న గిన్నెలో చూపించింది. “చిక్కుడు గింజంత కండ. లోపలి నుంచి వేలాడుతోంది, తీసేశాను. పరీక్షకి పంపుతాను గానీ ఇలాంటివాటితో సాధారణంగా ప్రమాదం ఉండదు. మీరు త్వరగా రావడం మంచిదైంది.”

వెంకటేశ్వరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ ఒక చెక్కపుల్లతో గర్భసంచి మూతి దగ్గర సుతారంగా రాసి, దాన్ని ఒక గాజుపలక మీద పూసి, పలక మీద పేరు రాసింది. రాసి, తెర పక్కకి జరిపి, “ఇప్పుడు మీరు రండి” అంది.

నాంచారమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని. ఆమెని ‘మీరు’ అన్నవాళ్ళు అప్పటిదాకా పుట్టలేదు.

“నేను తోడొచ్చినదాన్నమ్మా. నాకేం లేదు. రాయిలా ఉన్నాను.”

“ఏమీ లేనివాళ్ళకే ఈ పరీక్ష” అంది డాక్టరమ్మ. “ఏదో ఉందని తెలిసి వచ్చేసరికి నా చేతిలో ఏమీ మిగలడం లేదు. వారానికి నలుగురిని, రాచపుండు ముదిరాక, మంచాల మీద మోసుకొస్తున్నారు. వాళ్ళలో ముగ్గురిని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని చెప్పాల్సొస్తోంది. అయిదారేళ్ళ ముందు, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు వచ్చి ఈ పుల్లతో ఒక్కసారి రాయించుకుని ఉంటే వాళ్ళలో చాలామంది...” ఆవిడ ఇంకో గాజుపలక తీసింది. “మీకెన్నేళ్ళు? ఎన్ని కాన్పులు?”

“నలభై మూడమ్మా. ఆరు.”

“ఎక్కవే బల్ల!” అంది వెంకటేశ్వరమ్మ చీర సర్దుకుంటూ. “నన్ను ఎక్కించినదానివి, నువ్వెక్కడానికేం?”

నాంచారమ్మ ఎక్కింది. సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుంది. లోపల ఇనుము చల్లగా తగిలింది, కాస్త నొక్కినట్టయింది, అంతే. ఈసారి చెయ్యి పట్టుకున్నది వెంకటేశ్వరమ్మ. ఆవిడ ఉంగరాలు తన వేళ్ళకి గుచ్చుకోవడమే నాంచారమ్మకి ఎక్కువ నొప్పి అనిపించింది. ఒక చీర పిండినంత సేపట్లో అయిపోయింది.

“ఫలితం కార్డు మీద రాయను, ఎవరి కంటయినా పడుతుంది. కవరే రాస్తాను” అని చెప్పి పంపింది డాక్టరమ్మ. నాంచారమ్మకి చదువు రాదు కాబట్టి ఇద్దరివీ వెంకటేశ్వరమ్మ పేరనే పంపమన్నారు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున నాంచారమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి దుప్పటి జాడిస్తుంటే, గట్టు మీద వెంకటేశ్వరమ్మ కనబడింది. ఆవిడ ఎన్నడూ చాకిరేవుకి వచ్చి ఎరగదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఒంటరిగా, రొప్పుతూ వస్తోంది.

“నీకు ఉత్తరం వచ్చిందే.”

“నాకెవరు రాస్తారమ్మా ఉత్తరం?”

“డాక్టరమ్మ. నాకేం లేదంట. నిన్ను రమ్మంటోంది. వెంటనే రమ్మంటోంది.”

నాంచారమ్మ నవ్వేసింది. “తారుమారయి ఉంటాయమ్మా. మరక మీదీ, కాయితం నాదీనా?”

“నేనూ అదే అనుకుని నాలుగుసార్లు చదివానే. నీ పేరే ఉంది. వయసు నలభై మూడు, కాన్పులు ఆరు అని కూడా ఉంది.” అంటూ వెంకటేశ్వరమ్మ తడిబండ మీద అలాగే కూలబడింది, కట్టుకున్న వెంకటగిరి చీర తడిసిపోతున్నా పట్టించుకోకుండా. నాంచారమ్మ చేతిలోని దుప్పటి నీళ్ళవాలుకి జారిపోయింది. ఆమె జీవితంలో వాగుకి వదిలేసిన గుడ్డ అదొక్కటే.

రెండోసారి గుంటూరు వెళ్ళినప్పుడు చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. మూడోసారి చలమయ్య కూడా వెళ్ళాడు. గర్భసంచి తీసేయాలని డాక్టరమ్మ అనగానే అతను లేచి నిలబడ్డాడు.

“ఏ నొప్పీ లేదంటది. ఇప్పుడు మూటెత్తమంటే ఎత్తుద్ది. ఇట్టాంటి మనిషిని కోస్తానంటారేందమ్మా? మా చెల్లెల్ని ఇట్టాగే నడిపించుకుని ఆస్పత్రికి తీసుకొచ్చా. బండి మీద తీసుకుపోయా.”

డాక్టరమ్మ విసుక్కోలేదు. కుర్చీ జరిపి అతన్ని కూర్చోమంది. కుర్చీలో కూర్చోవడానికి అతను తటపటాయిస్తుంటే ఆవిడే బల్ల అంచున కూర్చుని, “మీ చెల్లెలికి ఏమైంది?” అని అడిగింది. అతను చెప్పిందంతా విన్నాకే మాట్లాడింది.

“కోతలో ప్రమాదం అసలే లేదని చెప్పను. అబద్ధం అవుతుంది. కానీ ఇది ఇంకా రాచపుండు కాలేదు చలమయ్యగారూ. కాబోయే లక్షణాలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు తీసేస్తే దాని కథ ఇక్కడితో అయిపోతుందని నాకు నమ్మకం. వదిలేస్తే ఎన్నాళ్ళకి ముదురుతుందో నేను చెప్పలేను. ముదిరాక వస్తే మాత్రం ఈ మాట ఇవ్వలేను.”

చలమయ్య భార్య వైపు తిరిగాడు. “ఏమంటావే?”

నాంచారమ్మకి కూడా భయమే. పైకి మాత్రం స్థిమితంగా అంది. “మావా, నెత్తురు మరక పడ్డ పూటే అయితే చన్నీళ్ళకి పోద్ది. మూటలో నాలుగు రోజులు మగ్గిందంటే బాన పెట్టి ఉడకేసినా పోదు. నీకు నేను చెప్పాలా?”

అతను బల్ల మీది కాయితం ముందుకి లాక్కున్నాడు. “ఇది లేకపోతే ఏ గుర్తు ఎవరి ఇంటిదో కూడా నాకు తెలవదు డాక్టరమ్మా. జాగర్తగా చూడండి” అని వేలిముద్ర వేశాడు.

ఆపరేషను వైశాఖంలో జరిగింది. మండే ఎండలు. నాంచారమ్మ కూతుళ్ళిద్దరూ నిండు నెలలతో ఉన్నారు, కోడలు పద్దెనిమిది ఇళ్ళ బట్టలతో సతమతమవుతోంది. “నేనుంటాను” అని వెంకటేశ్వరమ్మ పెట్టె సర్దుకుని వచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండిపోయింది. పెద్దింటావిడ చాకలిదానికి గంజి తాగిస్తోందని ఊళ్ళో నోళ్ళు నొక్కుకున్నారు. చెంచురామయ్యగారి చెవిన పడితే, “తాగించకపోతే నేను అడిగేవాణ్ణి” అన్నాడట. ఆయనకి అప్పటికి విషయం తెలిసింది.

ఆరో రోజున వెంకటేశ్వరమ్మ ఆమెని లేపి కూర్చోబెట్టి, చిక్కుపడిన జుట్టు విడదీసి దువ్వడం మొదలుపెట్టింది. దువ్వెన రెండుసార్లు దిగేసరికి నాంచారమ్మ భుజాలు కదిలిపోయాయి.

“నొప్పిగా ఉందా?”

“లేదమ్మా. మా అమ్మ పోయాక నా తల ఎవరూ దువ్వలా.”

వెంకటేశ్వరమ్మ దువ్వడం ఆపలేదు. “నేను తిడుతుంటే నువ్వు గుమ్మంలో కదలకుండా నిలబడబట్టేగా నేనిక్కడికొచ్చాను. నేను రాకపోతే నువ్వెందుకొస్తావు? ఎవరు ఎవరిని తీసుకొచ్చారో నాకు తేలడం లేదే. ఊరుకో, కుట్లు కదులుతాయి.”

తీసిన గర్భసంచిని పరీక్ష చేశారు. జబ్బు ఆ మూతి దాటి ఎక్కడికీ పోలేదు. ఆ మాట చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ చేతులు పట్టుకుని నాంచారమ్మ కళ్ళకద్దుకుంది. ఆవిడ చప్పున చేతులు వెనక్కి తీసుకుని, “నాకు దణ్ణాలు వద్దు. నాకు మనుషులు కావాలి. మీ ఊళ్ళో ముప్పై దాటిన ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు?” అని అడిగింది.

“రెండొందలు ఉంటారేమోనమ్మా.”

“ఏ బాధా లేకుండా ఒక్కరు వచ్చారు, మీరు. అదీ తోడుగా వచ్చారు.”

ఆ మాట నాంచారమ్మ మనసులో పడింది.

పుష్యమాసంలో డాక్టరమ్మ ఒక నర్సుని వెంటబెట్టుకుని చింతగుంటపాలెం వచ్చింది. ముందురోజు పంచాయితీవాళ్ళు ఊళ్ళో దండోరా వేయించారు. ఫలానా చోట ఆడవాళ్ళకి ఫలానా పరీక్ష అని డప్పు కొట్టి మరీ చెప్పారు. బడిలో బల్ల వేసి, తెరలు కట్టి, సాయంత్రం దాకా కూర్చుంటే వచ్చింది నాంచారమ్మ, వెంకటేశ్వరమ్మ, ఇద్దరే. సామాను సర్దుకుంటున్న డాక్టరమ్మ మొహం చూడలేకపోయింది నాంచారమ్మ.

“డప్పేసి చెప్పే సంగతా అమ్మా ఇది? ఏ ఆడది వస్తది? మిరప కోతలు అయ్యాక మళ్ళీ రండి. ఈసారి ఎవరినీ పిలవమనొద్దు. నేను పిలుస్తా.”

ఆమె పిలిచిన పద్ధతి ఏమిటంటే, రోజూ వెళ్ళే దొడ్డిగుమ్మాల దగ్గరే రోజూ కంటే కొంచెం ఎక్కువసేపు నిలబడడం. బట్టలు లెక్కపెట్టి ఇచ్చాక, పక్కన మగవాళ్ళు లేరని చూసుకుని చెప్పేది. తన సంగతి ఒక్కటే చెప్పేది. ఎవరి పావడా ఊసూ ఎత్తలేదు.

“నాకు ఏ బాధా లేదమ్మా. మీకులాగే తింటున్నా, తిరుగుతున్నా. లోపల అది మొలకెత్తిందని నాకేం తెలుసు?”

“నొప్పి పుడుతుందా?” అని ఒకామె.

“గాజులు తొడిగించుకునేటప్పుడు ఎముక దగ్గర నొక్కుద్ది చూడండి, అంత.”

“చూస్తే ఏదన్నా ఉందంటే?” అని ఇంకొకామె.

“ఉంటే చూడకపోయినా ఉంటదమ్మా. చూస్తే పోద్ది. నేను నిలబడి మాట్టాడతన్నా కదా మీ ముందు.”

నమ్మనివాళ్ళకి చీర కుచ్చిళ్ళు కాస్త దించి కోత మచ్చ చూపించేది. కొందరు తిట్టారు. ఒకావిడ ఇంకోసారి ఆ మాటెత్తితే బట్టలు మానేస్తానంది. నాంచారమ్మ వారం ఆగి ఆ ఇంట్లో మళ్ళీ ఎత్తింది.

మసీదు వీధిలో రవికలు కుట్టే ఖైరున్నీసా దగ్గరకి కూడా వెళ్ళింది. మిషను తొక్కడం ఆపి అంతా విని ఖైరున్నీసా అంది. “నువ్వు చెబితే వస్తా నాంచారక్కా. కానీ నేను బురఖాలో వచ్చి బురఖాలో పోవాల. కాంపౌండరూ గింపౌండరూ ఎవరూ ఉండకూడదు.”

“మగ ఈగని కూడా రానివ్వను.”

ఖైరున్నీసా ఫక్కున నవ్వింది. తర్వాత తన దగ్గర కొలతలిచ్చే ఆడవాళ్ళందరికీ ఆ సంగతి చేరవేసే పని ఆమే తీసుకుంది.

ఇన్ని చేసినా, ‘చూద్దాంలే’ అన్నవాళ్ళే తప్ప ‘వస్తాం’ అన్నవాళ్ళు పదిమంది కూడా తేలలేదు. వెంకటేశ్వరమ్మ చెవిన కూడా ఆ సంగతి పడింది. మర్నాడు కళ్ళంలో మిరపకాయల దగ్గర నలభైమంది ఆడవాళ్ళు కూర్చుని ఉండగా, ఆవిడ వసారా దిగి వాళ్ళ మధ్యకి వచ్చి పీట వేసుకుంది. అదిలించడానికి వచ్చిందనుకుని అందరూ చేతులు తొందరగా ఆడించారు.

“కాసేపు ఆపండి. నాంచారి మీ అందరికీ తన సంగతి చెప్పింది. నా సంగతి ఒక్క ముక్క కూడా చెప్పి ఉండదు. అది చెప్పదు. అందుకని నేనే చెబుతున్నాను. నెలసరి ఆగిపోయిన నాలుగేళ్ళకి నాకు మళ్ళీ కనబడింది.”

మూలన బట్టలు దింపుతున్న నాంచారమ్మ గతుక్కుమంది. వెంకటేశ్వరమ్మ ఏదీ దాచలేదు. దొంగతనంగా పావడా ఉతుక్కోవడం, పారేయడం, నాంచారమ్మని తిట్టడం, బస్సులో ఏడవడం, బల్ల ఎక్కడం, అన్నీ చెప్పింది. కోడళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి వింటున్నారు. కళ్ళంలో తుమ్ము కూడా వినబడలేదు.

“సిగ్గుపడి నేను చచ్చిపోతే ఈ ఇంటికి వచ్చే గౌరవం ఏముంది? డాక్టరమ్మ వచ్చే రోజు ఎవరి కూలీ కొయ్యను. అందరూ రండి. మా కోడళ్ళు ముందు నిలబడతారు.”

కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నకోడలే ముందు తలూపింది.

చైత్రంలో డాక్టరమ్మ వచ్చిన రోజు బడి ముందు పొద్దెక్కకుండానే బారు మొదలయింది. దండోరా లేదు. వాకిట్లో ఖైరున్నీసా కాపలా కూర్చుంది. నాంచారమ్మ తెర పక్కన నిలబడి, భయపడినవాళ్ళ చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నానికి గాజుపలకలు అయిపోతాయేమోనని నర్సు కంగారుపడింది. మొత్తం అరవై మూడుమంది వచ్చారు. చివర్న సామ్రాజ్యం కూతురు వచ్చింది. ముప్పై ఏళ్ళ పిల్ల, మోటుపల్లి దగ్గర అత్తగారి ఊరు నుంచి కబురు విని బండి కట్టించుకుని వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడు నాంచారమ్మకి ఏడుపొచ్చింది. ఆ పిల్లే, “ఏడుస్తావేం పిన్నీ, నాకేం కాదులే” అని ఓదార్చింది.

సామాను సర్దే వేళకి డాక్టరమ్మ కోటు మీద మందుల మరకలు, చెమట, బడి గోడ సున్నం. నాంచారమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

“అమ్మా, ఆ కోటు ఇటివ్వండి. బల్ల మీద దుప్పట్లు కూడా.”

“ఎందుకండీ, ఆస్పత్రిలో ఉతుకుతారు.”

“నా దగ్గర మీకియ్యడానికి ఇంకేం లేదమ్మా. ఇవ్వండి.”

డాక్టరమ్మ ఆమె మొహం చూసి మారు మాట్లాడకుండా కోటు విప్పి ఇచ్చింది.

ఫలితాలు వచ్చాయి. యాభై తొమ్మిదిమందికి ఏమీ లేదు. నలుగురిని మళ్ళీ రమ్మని రాశారు. వాళ్ళలో సామ్రాజ్యం కూతురు లేదు. ఆ నలుగురినీ వెంటబెట్టుకుని నాంచారమ్మే గుంటూరు వెళ్ళింది. చంకలో మూట ఉంది. అందులో గంజిపెట్టి, నీలం వేసి, చిన్న ముడత కూడా లేకుండా ఇస్త్రీ చేసిన కోటు, దుప్పట్లు ఉన్నాయి. డాక్టరమ్మ పాత కోటు తీసేసి అది తొడుక్కుని, చేతులు చాపి చూసుకుంది.

“కొత్తప్పుడు కూడా ఇంత తెల్లగా లేదు.”

“వచ్చే ఏడు ఇంకో వందమందిని తీసుకొస్తానమ్మా. నా పరీక్షకి కూడా అప్పుడే వస్తా. ఇట్టాగే కోటు తీసుకుపోతా.”

“తప్పకుండా తీసుకెళ్ళండి” అని డాక్టరమ్మ గుండీలు పెట్టుకుని, బయట బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న నలుగురిలో మొదటి పేరు పిలిచింది. నాంచారమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.